తొట్టిలో తగ్గని నీళ్ళు

తొట్టక్క అనే పేరు ఆమెకు పుట్టింటి నుంచి రాలేదు, అత్తింటి నుంచీ రాలేదు. మొగుడు పోయాక ఆయన పనితోపాటు వచ్చి మీద పడింది.

కాలువ గట్టు దిగగానే, చెరకు తోటల మధ్య, తీగ కంచె వేసిన చిన్న గడ్డి ఆవరణ ఉంది. దాని నడుమ చెక్క పీట, పీట మీద వెడల్పాటి రేకు తొట్టి. కొత్తవాళ్ళు చూస్తే పశువుల తొట్టి అనుకుంటారు. కానీ ఆ నీళ్ళు పశువులకూ కాదు, మనుషులకూ కాదు. ఎండకు పెట్టిన నీళ్ళు. తొట్టిలో ఒక పక్కన సన్నని ఇత్తడి ముల్లు నిలబెట్టి ఉంటుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి, నీళ్ళు ఆ ముల్లు మొనకు ఎంత కిందికి దిగాయో చూడాలి. మళ్ళీ మొన తాకేదాకా గీతల గ్లాసుతో పోయాలి. ఎంత పోస్తే అంత నిన్న ఆవిరైపోయినట్టు. ఆ లెక్క పట్టుకుని ఇంజనీరు ఇన్ని తోటలకూ ఎంత నీరు వదలాలో తేలుస్తాడు. ఆయన చెప్పినంత మేరకు నీరటి తూము ఎత్తుతాడు. ఆ నీరటి తొట్టక్క మరిదే.

పెళ్ళయిన కొత్తలో ఆమెకు ఇదంతా వింతగా ఉండేది. "తొట్టిలో నీళ్ళకూ తోటలో చెరకుకూ ఏమిటి చుట్టరికం?" అని నవ్వేది. మొగుడు తొట్టి అంచున మోచేయి ఆనించి, పసిపిల్ల సంగతి చెబుతున్నట్టు చెప్పేవాడు. "చెరకు మొలకగా ఉన్నప్పుడు ఎండ తాగినదాంట్లో సగం కూడా తాగలేదే. దాని నోరెంత, కడుపెంత? పిలకలు వేసి ఒళ్ళు చేశాక చూడు, ఎండతో సమానంగా లాగేస్తుంది. ఒక్కోసారి ఎండకే పాఠం చెబుతుంది. ముదిరాక మళ్ళీ మనమే నోరు కట్టాలి. లేకపోతే గడలో నీళ్ళే ఉంటాయి, తీపి ఉండదు."

"అయితే నన్ను కూడా ముదిరాక ఎండబెడతారన్నమాట," అనేది ఆమె.

"నీకు తీపి ఎక్కడానికి ఇంకా చాలా కాలం పడుతుందిలే," అనేవాడాయన.

పొద్దున తొట్టి పని అయ్యాక ఆవరణ పక్కనే ఉన్న మడికి నీరు పెట్టడం కూడా ఆయన వంతే. ఒక వేసవి మధ్యాహ్నం ఆయన అన్నానికి రాలేదు. చెరకు నిలువెత్తు దాటి ఉంది, లోపల మనిషి ఉన్నదీ లేనిదీ పైకి తెలియదు. పిలిచారు, కేకలు వేశారు. ఎంతకీ పలుకు లేదు. చివరికి దారి చూపింది నీళ్ళే. ఒక బోదెలో పారుతున్న నీరు సగం దూరంలో ఆగి, గట్టు తెంచుకుని పక్క బోదెలోకి మళ్ళుతోంది. అక్కడ ఏం అడ్డుపడిందా అని తమ్ముడు ఆకులు తప్పించుకుంటూ వెళ్ళాడు. అడ్డుపడింది అన్నే. గుండె ఆగి, బోదెకు అడ్డంగా పడి ఉన్నాడు. నీళ్ళు ఆయన దగ్గరికి వచ్చి, ఆగి, పక్కకు తప్పుకుని పోతున్నాయి.

తొట్టక్కను ఆ రోజు లోపలికి వెళ్ళనివ్వలేదు. బయటికి మోసుకొచ్చినప్పుడే చూసింది. తర్వాత ఆమె ఎన్నడూ ఆ మడిలో కాలు పెట్టలేదు. ఆమె ఒక్కతే కాదు, ఎవరూ పెట్టలేదు. కోతల కాలం వచ్చింది. కూలీల మేస్త్రీ కత్తి చంకలో పెట్టుకుని ఇంజనీరు ముందు తల గోక్కున్నాడు. "అన్న ఇంకా అందులోనే తిరుగుతున్నట్టుంది సార్. మావాళ్ళు లోపల అడుగు వెయ్యం అంటున్నారు." ఇంజనీరు నెమ్మదస్తుడు. పోయిన మనిషంటే ఆయనకూ ఇష్టమే. "సరే, ఆ ఒక్క మడీ ఉండనివ్వండి," అన్నాడు. అన్నింటినీ కోశారు, అది మాత్రం నిలిచిపోయింది. కాలువ ఊట తాగి బలిసింది. గాలికి ఒరిగి, ఒకదానిమీద ఒకటి పడి, ఆ పడినవాటిలోంచి కొత్త గడలు లేచి, తీగలు అల్లుకుని, ఆవరణ పక్కన గోడలా నిలబడింది.

ఆ గోడ నీడలోనే తొట్టక్క పని మొదలైంది. ఇంజనీరే ఇంటికొచ్చి, "అమ్మా, తొట్టి సంగతి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. చేస్తారా?" అని అడిగితే ఒప్పుకుంది. మొదట్లో భయం వేసేది. లోపల ఎండుటాకులు గలగలమనేవి. మనిషి పంచె ఎగ్గట్టుకుని బోదెల మధ్య నడుస్తున్నట్టే ఉండేది. పులిసిన చెరకు వాసన, తడిమట్టి వాసన కలిసి ముక్కుకు కొట్టేవి. ఎవరో వెనకనుంచి తన చేతికేసి, గ్లాసుకేసి చూస్తున్నట్టు వీపు జలదరించేది.

అసలు సంగతి వేసవి ముదిరాక మొదలైంది. ఎండలు మండిపోతున్నాయి, ఊరంతా నాలుక పిడచగట్టుకుపోతోంది. కానీ తొట్టిలో నీళ్ళు మాత్రం తగ్గవలసినంత తగ్గడం లేదు. ఆమె కళ్ళు నులుముకుని చూసేది. ముల్లు మొన కొంచెమే బయటపడి ఉండేది. చారెడు నీళ్ళు పోసేసరికి మొన మునిగేది. ఆయన కాలంలో ఇలాంటి ఎండలకు గ్లాసు మీద గ్లాసు పోయాల్సి వచ్చేది. తొట్టి పగిలిందేమోనని చూస్తే, పగిలితే నీళ్ళు తగ్గాలి గానీ మిగలవు కదా! ఒక పొద్దున చెక్క పీట మీద తడి మరకలు కనిపించాయి. ఒకటి పాదమంత, పక్కన ఇంకొకటి.

ఆమె ఆ మరకల పక్కన చాలాసేపు నిలబడిపోయింది.

ఇంటికి వెళ్ళి అత్తతో చెప్పింది. అత్తకు చూపు మందగించింది గానీ మాట మందగించలేదు. వింటూనే ముసలామె చేతిలో చాట పక్కన పెట్టింది. "వాడే. నీళ్ళలో పోయినవాడు నీళ్ళు వదిలి ఎక్కడికి పోతాడే? వచ్చి పోసిపోతున్నాడు."

మరిది అన్నం తింటూ తల ఎత్తకుండానే అన్నాడు. "బాగుందమ్మా. నోరెండి పోయిన మనిషి తొట్టి ఖాళీ చెయ్యాలి గానీ నింపుతాడా?"

"వాడు ఎప్పుడు తను ముందు తాగాడురా? పక్కవాడికి పోశాకే గదా గ్లాసు ఎత్తేది. నువ్వైతే తొట్టితో సహా తాగేసేవాడివి."

మరిది నవ్వాడు. తొట్టక్క నవ్వలేదు. ఆ మాట ఆమెకు గుండెల్లో దిగబడింది. ఆ తర్వాత భయం పోయి, దాని చోట మరొకటి వచ్చి కూర్చుంది. పొద్దున్నే తల దువ్వుకుని, నలగని చీర కట్టుకుని ఆవరణకు వెళ్ళడం మొదలుపెట్టింది. దారిలో ఎవరైనా పలకరిస్తే పొడిగా బదులిచ్చి సాగిపోయేది. కంచె తలుపు తీస్తూ గొంతు సవరించుకునేది, ముందుగా చెప్పి వచ్చినట్టు ఉంటుందని. తొట్టిలో మిగిలిన నీళ్ళు చూసి, "రాత్రి కూడా వచ్చారా?" అని మెల్లగా అడిగేది. చెరకులో ఆకులు గలగలమనేవి. బతికున్నప్పుడు ఆయన అంతకంటే ఎక్కువ బదులిచ్చిందీ లేదు. ఇంటి ఖర్చుల మాట, అత్త మోకాళ్ళ నొప్పి, మరిదికి పెళ్ళి కుదరకపోవడం, అన్నీ ఆ గోడకు చెప్పుకునేది. మనిషి కాస్త నిండుగా తయారైందని చుట్టుపక్కలవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ అనుకుంది.

అటు కాలువ చివర మాత్రం చెరకు ఆకులు సూదుల్లా చుట్టుకుపోతున్నాయి. తలదగ్గర తోటలు బాగానే ఉన్నాయి, నడుమ తోటలు ఏదో నెట్టుకొస్తున్నాయి. చివరి తోటలకు మాత్రం నీరు చేరకుండానే వంతు అయిపోతోంది. ఇంజనీరు కాలువ పొడవునా నడిచి గండ్లు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. లెక్క మళ్ళీ వేశాడు. లెక్క తప్పలేదు. తొట్టి ఇంత ఆవిరైందంటే చెరకుకు ఇంతే కావాలి, ఇంతే వదిలాం, మరి చాలకపోవడమేమిటి?

లెక్క తప్పకపోతే మనిషే తప్పు చేసి ఉండాలి కదా. చివరి రైతుల చూపంతా మరిది మీదికి తిరిగింది.

"తూము నీ చేతిలో ఉంది. నీళ్ళు నీ చేతిలో ఉన్నాయి. మా తోటలు మాత్రం దేవుడి చేతిలో ఉన్నాయా?" అన్నాడు గట్టు మీద ఒక పెద్దాయన.

"ఇంజనీరు గారు ఎంతంటే అంతే ఎత్తుతున్నా బాబాయ్. నీళ్ళేమన్నా జేబులో పోసుకెళ్తానా?"

"జేబులో ఎందుకు పోసుకుంటావు? పైవాళ్ళ తోటల్లో పోస్తావు. నీకు పిల్లనిస్తామన్నది వాళ్ళే కదా."

ఆ మాటకు అందరూ నవ్వారు. మరిది నవ్వలేక, తిట్టలేక తూము పిడి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "వదినా, మన ఇంట్లో దొంగబుద్ధి ఎవరికైనా ఉందా?" అని అడిగి, బదులు వినకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లోనే అత్త కాలువలో బట్టలు ఉతుక్కుని వచ్చింది. మోకాళ్ళు మొరాయిస్తే చీర దగ్గరలో ఉన్న ఆవరణ కంచె మీద ఆరేసి, దుప్పటి మాత్రం కూలీమనిషి చేత గట్టు మీద వేయించింది. పొద్దు వాలేముందు తీసుకురమ్మని కోడలిని పంపింది. తొట్టక్క తెచ్చిన చీర చేతికందగానే ముసలామె మొహం చిట్లించింది.

"ఇదేమిటే, పిండితే ఇంకా నీళ్ళొస్తున్నాయి? దళసరి దుప్పటి ఎప్పుడో ఎండి వరుగైతే, నూలు చీరకేం పుట్టింది? నీ ఆవరణలో గాలి చచ్చిందా ఏం?"

తొట్టక్క చీర పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడింది. అత్త ఏదో ఇంకా అంటోంది. ఆమెకు వినిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లోంచి ఒకేలాంటి రెండు స్టీలు పళ్ళేలు తీసుకెళ్ళింది. రెండింటిలో సమానంగా నీళ్ళు పోసి, ఒకటి కాలువ గట్టు మీద, రెండోది తొట్టి పక్కన పెట్టింది. కంచె దగ్గర, రెండూ కనిపించే చోట, కొంగు తల మీద కప్పుకుని కూర్చుంది. గట్టు మీద గాలి జోరుగా వీస్తోంది, ఆమె చూస్తుండగానే పళ్ళెంలో నీళ్ళు వణుకుతున్నాయి. ఇటు తొట్టి పక్కన పళ్ళెంలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆవరణంతా మూత పెట్టిన గిన్నెలా ఉక్కగా, చెమ్మగా ఉంది. గాలి వచ్చే దిక్కునే ఆ నిలిచిపోయిన తోట. ఎండ దిగేసరికి గట్టు మీద పళ్ళెం అడుగు తేలి తళతళలాడుతోంది. తొట్టి పక్కన పళ్ళెంలో నీళ్ళు మిగిలే ఉన్నాయి. ఎవరూ రాలేదు. ఎవరూ పొయ్యలేదు. ఆమె రెప్ప కూడా వాల్చకుండా చూసింది.

పీట మీద తడి కూడా అంతేనని అర్థమైంది. గాలాడని చోట రాత్రి చెమ్మ ఆరక, చెక్క గుంటల్లో నిలిచిపోయిన మరకలు.

ఆమె పళ్ళెంలో నీళ్ళు గడ్డిలో పారబోసి ఇంటికి వచ్చింది. ఎవరితోనూ అనలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తోట కొట్టేస్తారు. కొట్టేస్తే గాలి వస్తుంది. గాలి వస్తే నీళ్ళు తగ్గుతాయి. ఇక పొద్దున్నే గొంతు సవరించుకుని వెళ్ళాల్సిన పని ఉండదు. మర్నాడూ నలగని చీరే కట్టుకుంది. ఆ తర్వాతా కట్టుకుంది. తొట్టి ముందు నిలబడి, "రాత్రి కూడా వచ్చారా?" అని అడిగింది. తెలిసి అడగడం వేరు, తెలియక అడగడం వేరు. అయినా చారెడు నీళ్ళే పోసి, చారెడే అని ఇంజనీరుకు చెప్పి వచ్చేది.

చివరి రైతులు ఒకరోజు గుంపుగా వచ్చి మరిది చేతిలోంచి తూము పిడి లాక్కున్నారు. కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది అన్నాడతను తర్వాత. పెద్దాయన పిడి చంకలో పెట్టుకుని, "మీ అన్న నీళ్ళకు అడ్డంపడి చచ్చాడు, నువ్వు బతికుండి అడ్డంపడుతున్నావు," అన్నాడట. మరిది ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అన్నం ముందు పెడితే పళ్ళెం పక్కకు జరిపాడు.

"నువ్వు చెప్పు వదినా. అన్న వచ్చి నీళ్ళు పోస్తున్నాడని నువ్వూ అమ్మా అంటారు. నిజంగా వస్తుంటే, నా సంగతి ఒక్కటి అడుగు. నేను తప్పు చేశానా అని అడుగు. ఆయన చెబితే నమ్ముతాను."

తొట్టక్కకు అతని మొహం చూడటం చేతకాలేదు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంజనీరు ఆఫీసుకు నడిచింది.

ఇంజనీరు కాగితాల్లోంచి తలెత్తాడు.

"బాబూ, తొట్టి అబద్ధం చెబుతోంది."

"తొట్టికి అబద్ధం ఎలా వస్తుందమ్మా? ఏం చూసినా..." అంటూ ఆగి, ఆయన కిటికీలోంచి ఆవరణ వైపు చూశాడు. అక్కడినుంచి తొట్టి కనిపించడంలేదు. చెరకే కనిపిస్తోంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. "అయ్యో," అన్నాడు. "గాలి."

ఆమె పళ్ళేల సంగతి చెప్పింది.

"ఉండనివ్వమన్నది నేనే," అన్నాడాయన. "చుట్టూ ఖాళీ ఉండాలని పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది. చదివాను, పని నేర్చుకునే పిల్లలకు చెప్పాను కూడా. ఆ తోట దగ్గరికి వచ్చేసరికి అది నాకు తోటలా కనిపించలేదమ్మా, మీవారిలా కనిపించింది." కాగితాలు పక్కకు జరిపి అడిగాడు. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"తెలిసి కొన్నాళ్ళయింది బాబూ."

ఎందుకు చెప్పలేదని అడగకుండా, ఆ మడి కొట్టెయ్యమని ఆయన మేస్త్రీకి కబురు పంపాడు.

కూలీలు కత్తులు పట్టుకుని వచ్చారు గానీ గట్టు మీదే నిలబడిపోయారు. మేస్త్రీ మళ్ళీ తల గోక్కున్నాడు. తొట్టక్క అతని చంకలోంచి కత్తి లాక్కుంది. "ఏమక్కా, నిజంగానే?" అంటున్నాడు అతను. ఆమె అప్పటికే ఆకులు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

లోపల పగలే మసక. అడుగు తీసి అడుగు వేస్తే ఎండుటాకు మోకాలి దాకా దిగబడుతోంది, చెంపలకు ఆకుల అంచులు గీరుకుంటున్నాయి. పక్కన ఎవరో తనతోపాటు నడుస్తున్న చప్పుడు. ఆగితే ఆగుతోంది. ఆ చోటు ఆమెకు ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. బోదె గట్టు ఒకచోట తెగి ఉంది. ఆనాడు నీళ్ళు తెంచుకుని పక్కకు పోయిన గండి అలాగే ఉంది, ఎవరూ పూడ్చలేదు. దానికి ఇవతల, మనిషి పడుకున్నంత మేర, ఒక్క గడా లేవలేదు. అక్కడ ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మట్టి మీద చేయి వేసింది. చల్లగా ఉంది.

"ఏమండీ," అంది. గుప్పెడు మట్టి పట్టుకుంది. "మీ తమ్ముడిని దొంగ అంటున్నారు," అంది. చెరకు గలగలమంది. ఈసారి అది బదులులా వినిపించలేదు. ఉత్త ఆకుల చప్పుడులా వినిపించింది. ఆమెకు అప్పుడు, ఆయన పోయిన రోజున కూడా వెయ్యనంత భయం వేసింది. లేచి, దగ్గరున్న గడ మొదట్లో కత్తి వేసింది.

లోపల కత్తి చప్పుడు విని కూలీలు ఒక్కొక్కరే దిగారు. గట్టు మీద అత్త కర్ర నేలకు కొడుతూ అరుస్తోంది. "నా కొడుకును రెండోసారి చంపుతున్నావే! ఇంతకీ నువ్వేనా వాడికి పెళ్ళానివి?"

తొట్టక్క కత్తి ఆపింది. "మీకు ఇంకో కొడుకున్నాడు అత్తయ్యా. అటు చూడండి, ఎండిపోతున్నాడు," అని మళ్ళీ వంగింది. ముసలామె గట్టు మీదే కూలబడింది. మరిది వచ్చి పక్కన కూర్చున్నాడు. అతను వదినకేసి చూడలేదు. తల్లి కర్ర తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

చివరి వరస పడగానే గాలి వచ్చింది. ఆవరణలో గడ్డి అంతా ఒక్కసారిగా వంగింది. తొట్టిలో నీళ్ళు ఒక అంచునుంచి ఇంకో అంచుకు ముడతలు పడ్డాయి. తొట్టక్క చేతిలో కత్తి అలాగే పట్టుకుని చూస్తూ నిలబడింది. ఎవరో తలుపు తీసుకుని వెళ్ళిపోయాక ఇల్లు ఎలా ఉంటుందో ఆ చోటు అలా ఉంది.

మర్నాడు పొద్దున ముందురోజు నలిగిన చీరతోనే వెళ్ళింది. గొంతు సవరించుకోలేదు. ఇత్తడి ముల్లు చాలా మేర బయటికి వచ్చి, ఎండలో మెరుస్తోంది. గ్లాసు నింపి పోసింది. మొన అందలేదు. మళ్ళీ పోసింది. ఇంకా అందలేదు. ఇన్నాళ్ళూ ఆయన పోశాడని అనుకున్నదంతా ఇప్పుడు తను ఒక్కతే పొయ్యాలి. చేయి నొప్పి పుట్టింది. కళ్ళు మసకబారి గీతలు కనిపించకపోతే కొంగుతో తుడుచుకుని, గ్లాసు కంటి ఎత్తున పట్టుకుని మళ్ళీ పోసింది. నీళ్ళు మొనను తాకేదాకా పోస్తూనే ఉంది.

తూము దగ్గర మరిది పిడి లేకుండా ఊరికే నిలబడి ఉన్నాడు. పక్కన పెద్దాయన పిడి పట్టుకుని ఉన్నాడు. ఇద్దరూ ఆమెకేసే చూస్తున్నారు.

"పిడి వాడికియ్యి పెద్దాయనా!" అని ఆవరణలోంచి అరిచింది తొట్టక్క. గాలి ఆ మాటను కాలువ పొడవునా మోసుకుపోయింది. "ఎండ చాలా తాగింది. బాగా పైకెత్తమను!"